కొమ్మ మీద రాయి

లోకంలో అందరూ పగవాళ్ల మీద కత్తులు నూరతారు. సానమ్మకి ఆ సుఖం లేదు. ఊరందరి కత్తులూ నూరడమే ఆవిడ బతుకుతెరువు. పగ పట్టాలంటే పని ముగించుకుని, నడిచేటప్పుడు పట్టాలి. నడక మాత్రం ఆవిడకి కావలసినంత ఉంది.

అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. ఎవరికి గుర్తు? వీపు మీద చెక్క చట్రం, దానికి కాలితో తొక్కే చక్రం, చక్రానికి సానరాయి. ఇంత బరువు మోసుకుని, బస్సు ఆగిపోయే చోట నడక మొదలుపెట్టి కొండ మీది పల్లెలన్నీ తిరిగే ఆడమనిషిని సానమ్మ అనక ఇంకేమంటారు? ఒకప్పుడు ఆ చక్రం మొగుడిది. ఆయన తిరిగేవాడు, ఈవిడ కొండ కింద ఇంట్లో ఉండి కత్తెరలు బాగుచేసేది. ఆయన మంచాన పడ్డాక చక్రం ఈవిడ వీపెక్కింది. దాంతోపాటు పేరూ ఎక్కింది.

ఆయన మంచాన ఎలా పడ్డాడో తెలియాలంటే ముందు ఆ కొండదారి సంగతి తెలియాలి. కొండ సగం ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి వాగు దారి, ఇంకొకటి అంచు దారి. రెండూ పై పల్లెలకే పోతాయి. ఎండాకాలం ఎటు పోయినా ఒకటే. వానాకాలం అలా కాదు. ఒకరోజు వాగు పొంగుతుంది, ఒకరోజు అంచు విరుగుతుంది. ఏ రోజు ఏది తెగిందో కింద నుంచి వచ్చేవాడికి తెలిసే దారి లేదు. అందుకని అక్కడ నడిచేవాళ్లందరికీ ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్నే ముందుగా వెళ్లిన మనిషి రెండు దారులూ చూసి, పనికిరాని దారికి అడ్డంగా ఒక పచ్చకొమ్మ నరికి వెయ్యాలి. గాలికి పోకుండా కొమ్మ మొదలు మీద ఒక రాయి పెట్టాలి. వెనక వచ్చేవాడు కొమ్మని చూసి రెండో దారి పట్టి పోతాడు. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడగడు. కన్నతల్లి మాటకైనా ఎదురు చెబుతారేమో గానీ, ఆ కొమ్మకి ఎదురు చెప్పినవాడు ఆ కొండ మీద లేడు.

ఆ రోజు సానమ్మ మొగుడు వెళ్లేసరికి కొమ్మ వాగు దారికి అడ్డంగా ఉంది. మొదలు మీద రాయి కూడా ఉంది. ఆయన ఈల వేసుకుంటూ అంచు దారి పట్టాడు. నాలుగు మలుపులు తిరిగాక కాళ్ల కింద మట్టి ఒక్కసారిగా జారింది. వీపు మీద చక్రంతో సహా లోయలోకి పోయాడు. మర్నాడు ఎవరో మేకలవాళ్లు చూసి ఆయన్ని తలుపుచెక్క మీద వేసి, చక్రాన్ని కూడా ఎత్తి తెచ్చారు. ప్రాణం నిలిచింది, నడుము కింద మాత్రం చచ్చిపోయింది.

వాగులో ఆ రోజు మోకాలి లోతు నీళ్లు కూడా లేవని సానమ్మకి తర్వాత తెలిసింది. అంటే కొమ్మ ఉండాల్సింది అంచు దారి మీద. మరి వాగు దారి మీదికి ఎలా వచ్చింది?

“గాలికి కొట్టుకొచ్చి ఉంటుందే,” అనేవాడు మొగుడు.

“గాలి కొమ్మని తెస్తుంది సరే, దాని మీద రాయి కూడా ఎత్తి పెడుతుందా?”

“పెద్ద గాలేమో,” అని నవ్వేవాడు. “అయినా ఇప్పుడు గాలిని పట్టుకుని కోర్టులో వేస్తావా ఏంటి?”

ఆయన తత్వం అది. గుమ్మం పక్కన మంచం వేయించుకుని, ఒళ్లో చిన్న సానరాయి పెట్టుకుని, వీధిలో పోయేవాళ్లందరితో కబుర్లాడుతూ కత్తెరలు నూరేవాడు. ఎదురింటి దర్జీతో వాన వస్తుందా రాదా అని పందేలు కాసేవాడు. ఓడిపోతే తను దర్జీకి బొత్తాలు కుట్టిపెట్టాలి, గెలిస్తే దర్జీ ఆయనకి వీధి చివరి వార్తలన్నీ మోసుకురావాలి. ఆయన నవ్వినప్పుడల్లా సానమ్మ కడుపు మండేది. ఈ మనిషిని ఇలా కూర్చోబెట్టినవాడు ఎక్కడో రెండు కాళ్లతో తిరుగుతున్నాడు. వాడెవడో తెలియాలి. తెలిస్తే చాలదు, ఈ మంచం ముందుకు ఈడ్చుకొచ్చి, “గాలి కాదు, నేను” అని వాడి నోటితోనే చెప్పించాలి. సానమ్మకి బతుకులో ఇంకో కోరిక లేకుండా పోయింది.

నడక ఆవిడకి చాలా నేర్పింది. దారి అడిగితే వేలు చాపి చూపించేవాడు ఆ దారిన ఒకటి రెండుసార్లు పోయినవాడు. చేతిలో పని మానకుండా గడ్డం ఎత్తి చూపించేవాడు రోజూ పోయేవాడు. నిలదీసి అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. చక్రం తిరుగుతున్నప్పుడు, రవ్వలు ఎగురుతున్నప్పుడు, తమ కత్తి మీదే చూపు ఉన్నప్పుడు మాత్రం ఇంటి గుట్టు దగ్గర్నుంచి పొరుగింటి గుట్టు దాకా వాటంతటవే జారిపడతాయి. సానమ్మ అడగకుండా అడగడం నేర్చుకుంది. ఆరేళ్లు తిరిగింది. ఎవరి పెళ్లాం ఎవరితో మాట్లాడదో, ఎవరి గొడ్డు ఎవరి చేలో పడిందో అన్నీ తెలిశాయి. కొమ్మ సంగతి మాత్రం తెలియలేదు.

తెలియకపోవడానికి కారణం ఆవిడే. కొండ మీద తిరగని దారి లేదు గానీ, అంచు దారిలో మాత్రం అడుగు పెట్టలేదు. మొగుడు పడిన చోటు చూడాలంటే కాళ్లు రాలేదు. ఒక ఎండాకాలం, పై పల్లెలో ఎవరో, అంచు దారి దాటాక ఒంటిగుడిసెలో మేకల అవ్వ ఉంటుందనీ, ఆవిడ కొడవళ్లు మొద్దుబారిపోయి గడ్డి కొయ్యలేక ఏడుస్తోందనీ అన్నారు. సానమ్మ రెండురోజులు ఆలోచించింది. చివరికి తనని తానే నాలుగు తిట్టుకుని బయల్దేరింది.

అవ్వ మాట్లాడే మనిషి దొరక్క మేకలతో మాట్లాడే రకం. చక్రం తిరగడం మొదలవగానే ఆవిడ నోరూ తిరగడం మొదలైంది. ఇక్కడ ఒకాయన పడిపోయాడనీ, తన అల్లుడే చూసి జనాన్ని పిలిచాడనీ చెప్పింది. ఆ ముందురోజు ఎదురు వాలు మీద మేకలు మేపుతుంటే, దారి చీలిన చోట ఇంకొకాయన కనబడ్డాడట. రేకుపెట్టె కింద దించి, ఈ దారి మీది కొమ్మ ఎత్తి ఆ దారి మీద వేసుకుని, రాయి కూడా పెట్టుకుని పోయాడట.

“దారి బాగుచేస్తున్నాడు కాబోలు, పుణ్యాత్ముడు అనుకున్నానమ్మా,” అంది అవ్వ. “మొహం ఆనలేదు. గుండు మాత్రం ఎండకి తళతళ మెరిసిపోయింది.”

చక్రం ఆగిపోయింది.

రేకుపెట్టె, నున్నటి గుండు. కొండ మీద తిరిగేవాళ్లలో ఆ రెండూ కలిసిన మనిషి ఒక్కడే. దువ్వెనలాయన. తల మీద ఒక్క వెంట్రుక లేకుండా జనానికి దువ్వెనలు అమ్మేవాడని పిల్లా పెద్దా నవ్వేవాళ్లు. పెట్టెలో దువ్వెనలతో పాటు అద్దాలు, సూదులు, చవకరకం కొత్త కత్తులు కూడా ఉండేవి. ఆ మాట గుర్తురాగానే సానమ్మకి మిగతాదంతా వెలుగులో పెట్టినట్టు కనబడింది. సానపెట్టేవాడు ముందు పోతే పాత కత్తులకి పదును వస్తుంది, కొత్త కత్తి ఎవడూ కొనడు. అంచు విరిగింది చూసి వెనక్కి తిరుగుతాడులే, ఒక్కరోజు ముందు పోదాం అనుకున్నాడు. ఒక్క రోజు! ఆ ఒక్క రోజు కోసం ఒక మనిషి కాళ్లు తీశాడు.

అంతకంటే మండించిన సంగతి ఇంకొకటి ఉంది. మొగుడు మంచాన పడ్డప్పుడు అందరికంటే ముందు పలకరించడానికి వచ్చింది వాడే. “చెల్లెమ్మా, ధైర్యంగా ఉండు” అన్నాడు. మంచం పక్కన కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. పోతూ పోతూ పెట్టెలోంచి ఒక మంచి దువ్వెన తీసి మొగుడి చేతిలో పెట్టాడు. ఆరేళ్లుగా ఆయన పొద్దున్నే ఆ దువ్వెనతోనే తల దువ్వుకుంటున్నాడు. సానమ్మ వాణ్ణి అన్నయ్యా అని పిలిచి, కాళ్లకి నీళ్లిచ్చి, అన్నం పెట్టింది. తిన్నాడు. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మొగుడు కునుకు తీస్తుంటే దువ్వెన పట్టుకెళ్లి సానరాయికి ఆనించి ఒక్కో పన్నూ అరగదీసింది. లేచాక ఆయన దువ్వెన ఏదని అడిగితే ఎలక కొట్టేసిందంది. ఎలక తల కూడా దువ్వుకుంటుందా అని ఆయన నవ్వాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. తను చెబితే మళ్లీ గాలి అంటాడు, లేకపోతే పోనీలేవే అంటాడు. వాడు చెప్పాలి.

అక్కడ నుంచి మొదలైంది. వాడు ఒక్క రోజు ముందు పోవాలనుకున్నాడు కదా, ఇక ఎప్పుడూ తనే వాడికంటే ఒక్క రోజు ముందు ఉండాలనుకుంది. వాడు ఏ పల్లెకి ఎప్పుడు పోతాడో ఆవిడకి తెలుసు. ముందురోజు వెళ్లి, చక్రం దించి, కత్తులు తెమ్మనేది. నూరుతూ చెప్పేది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొమ్మ ఎక్కడ ఉండాలో, ఎక్కడికి పోయిందో, అవ్వ ఏం చూసిందో అంతవరకే చెప్పి కత్తి చేతికిచ్చేది. కొమ్మ జరిపాడంటే ఆ కొండ మీద మాటలా? మర్నాడు దువ్వెనలాయన వచ్చేసరికి గుమ్మంలో ఉన్నవాళ్లు లోపలికి పోయేవాళ్లు. అరుగు మీద పెట్టె దించబోతే ఇక్కడ కాదనేవాళ్లు. మొదట్లో వాడికేమీ అర్థం కాలేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడి కుదరనట్టు, తను ఏం చేస్తే వీళ్లు ఇలా అవుతున్నారో తెలియక తిరిగాడు. ఒక ముసలాయన జాలిపడి, వెళ్లి సానమ్మని అడగమన్నాడు.

అడగడానికి వాడు రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజు నుంచి వాడి నడకే మారిపోయింది. సానమ్మ ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు. కొండ కింద ఇంటికి రావడం మానేశాడు. మొగుడు మాత్రం దువ్వెనలాయన ఎందుకు రావడం లేదు, ఒంట్లో బాగుందో లేదో అని దర్జీని అడుగుతూనే ఉన్నాడు.

వానలు పడ్డాయి. ఆ రోజు పొద్దున్నే సానమ్మ చీలిక దగ్గరికి చేరింది. ముందు ఎవరూ వెళ్లినట్టు లేదు, కొమ్మ లేదు. చక్రం దించి రెండు దారులూ కొంత దూరం నడిచి చూసింది. వాగు బాగానే ఉంది. అంచు దారిలో నాలుగో మలుపు దగ్గర మట్టి నోరు తెరిచినట్టు చీలి ఉంది. సరిగ్గా అదే చోటు. వెనక్కి వచ్చి పచ్చకొమ్మ నరికింది. కింద మలుపులో దూరంగా రేకుపెట్టె కనబడింది. ఒంటరిగా ఎక్కి వస్తున్నాడు.

కొమ్మ చేతిలో ఉంది. ఇటు వేస్తే వాడు బతుకుతాడు. అటు వేస్తే పోతాడు. చూసేవాళ్లు లేరు. చెయ్యి దురద పెట్టింది, అబద్ధమెందుకు, రెండు చేతులూ దురద పెట్టాయి. వాడి వెనక మంత్రసాని రావచ్చు, మేకల అవ్వ కూతురు రావచ్చు అనే ఆలోచన వచ్చింది గానీ, ఆపింది అది ఒక్కటే కాదు. కొమ్మ జరిపితే వాడికీ తనకీ తేడా ఏముంటుంది? వాడిలా అవడం ఆవిడకి చావుతో సమానం. కొమ్మని అంచు దారికి అడ్డంగా వేసింది. మొదలు మీద ఎప్పుడూ పెట్టేదానికంటే పెద్ద రాయి మోసుకొచ్చి పెట్టింది. చక్రం ఎత్తుకుని వాగు దారి పట్టింది.

వాగు ఒడ్డుకి చేరేలోపే కేక వినబడింది.

వెనక్కి వచ్చి, అంచు దారిలో జాగ్రత్తగా నడిచి, కిందికి చూసింది. దువ్వెనలాయన ఒక బండకి తట్టుకుని పడి ఉన్నాడు. నడుము అడ్డదిడ్డంగా తిరిగిపోయింది. పెట్టె పగిలి లోయ పొడవునా దువ్వెనలు, అద్దాలు.

“చంపేశావు కదా చెల్లెమ్మా,” అన్నాడు వాడు.

“కొమ్మ ఏ దారి మీద ఉంది?”

వాడు పగిలిన పెట్టె వైపు చూశాడు.

“చూశావా, లేదా?”

“చూశాను. ఈ దారి మీదే ఉంది.”

“మరి ఈ దారిలోనే ఎందుకొచ్చావు?”

వాడు కళ్లు మూసుకున్నాడు. కొమ్మ పచ్చగా ఉంది, అప్పుడే నరికింది, ముందు పోయింది సానమ్మే. తనని చంపడానికి జరిపి ఉంటుందని అనుకున్నానన్నాడు. అందుకే కొమ్మ వద్దన్న దారే మంచిదని వచ్చానన్నాడు. కొండ పుట్టిన దగ్గర్నుంచీ కొమ్మని నమ్మనివాడు వాడొక్కడే. నమ్మలేడు మరి. జరిపిన చెయ్యి కదా.

సానమ్మకి నవ్వు వచ్చింది. పైకే నవ్వింది. తర్వాత చెప్పింది, మనుషుల్ని తెస్తాను, కానీ కిందికి మోసేటప్పుడు మా ఇంటి ముందు ఆపుతాను, మా ఆయనకి అంతా నువ్వే చెప్పాలి అని. వాడు తల ఊపాడు. ఆవిడ పల్లెకి బయల్దేరింది. పరిగెత్తలేదు. రోజూ నడిచినట్టే నడిచింది.

పల్లెలో నలుగురు తలుపుచెక్క పట్టుకుని వచ్చారు. ఎవరు పడ్డారో తెలియగానే వాళ్లు ఆవిడ వైపు ఒకలా చూశారు. ఒకడు దగ్గరికి వచ్చి, మంచి పని చేశావు, బాగా బుద్ధి చెప్పావు అని మెల్లగా అన్నాడు. నేను కొమ్మ జరపలేదు అంది సానమ్మ. అవునవును, నువ్వెందుకు జరుపుతావు అని వాడు కన్ను గీటాడు. చీలిక దగ్గర కొమ్మ చూపిస్తే, తర్వాత సర్దేశావా, తెలివైనదానివే అన్నాడు ఇంకొకడు. ఇన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి పగ చెప్పుకున్న ఆడది చేతికి దొరికినవాణ్ణి వదిలిందంటే ఎవరు నమ్ముతారు? ఆవిడకి ఒళ్లు మండిపోయింది. లోకం మొత్తం మీద ఆవిడ నిజాయితీకి సాక్షి ఒక్కడే ఉన్నాడు, వాడు చెక్క మీద మూలుగుతున్నాడు.

కొండ దిగేసరికి సన్నగా వాన మొదలైంది. ఇంటి ముందు సానమ్మ దించమంది. గుమ్మం పక్క మంచం మీద మొగుడు కత్తెర పక్కన పెట్టి, అయ్యో, దువ్వెనలాయనా, ఏమైందయ్యా అని ముందుకు వంగాడు. దర్జీ మిషను వదిలేసి వచ్చాడు. వీధిలో నలుగురూ చేరారు.

“చెప్పు,” అంది సానమ్మ.

వాడు అబద్ధమాడొచ్చు. సానమ్మే కొమ్మ జరిపిందని ఒక్క మాట అంటే చాలు, మోసినవాళ్లే సాక్ష్యం చెబుతారు. ఆ సంగతి వాడికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. వాడు మంచం మీద మనిషిని చూశాడు, ఆయన చచ్చుబడిన కాళ్ల మీద కప్పిన దుప్పటిని చూశాడు.

“కొమ్మ సరిగ్గానే ఉంది బావా,” అన్నాడు. “మీ ఆవిడ జరపలేదు. అలా జరిపేవాణ్ణి నేను. ఆ రోజు నీకంటే ముందు పోయి, కొమ్మ తీసి వాగు దారి మీద వేసింది నేనే. వెనక్కి తిరిగొస్తావనుకున్నాను.”

“ఇంకొంచెం గట్టిగా,” అంది సానమ్మ.

“నేనే జరిపాను,” అన్నాడు వాడు గట్టిగా. వీధంతా వింది.

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. సానమ్మ గుండెల్లో బరువు దిగింది, ఒళ్లంతా తేలికైంది. మొగుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చెక్క మీద మనిషినే చూస్తూ ఉండిపోయాడు. దర్జీ మాత్రం ఊరుకోలేదు. ఇలాంటివాణ్ణి మొయ్యడమెందుకు, ఈ వానలో ఇక్కడే వదిలెయ్యండి, చస్తే చస్తాడు అన్నాడు. మోసినవాళ్లు కూడా చెక్క ఎత్తకుండా సానమ్మ మొహం చూశారు. ఆవిడ ఎలా అంటే అలా.

“ఎత్తండి,” అంది సానమ్మ. “తొందరగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వీడు చావకూడదు.”

మోసేవాళ్లు వంగారు. ఆవిడ అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. లోపల ఉన్నదంతా ఆ పూట కక్కెయ్యాల్సిందే అన్నట్టు, వాడి మొహం మీదికి వంగి మిగతాది కూడా అంది.

“బతకాలిరా నువ్వు. నూరేళ్లు బతకాలి. మా ఆయన బతికినట్టు బతకాలి.”

వాడు మొహం తిప్పుకున్నాడు. చెక్క లేచింది, నలుగురూ వాననీళ్లలో తపతపమని రోడ్డు వైపు పోయారు. వెనక చేరినవాళ్లు కూడా పోయారు. దర్జీ, ఆ పూట వాన పందెం ఎవరు గెలిచారో అడగకుండా తన మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

సానమ్మ గుమ్మం వైపు తిరిగింది. మొగుడు ఒళ్లోని చిన్న సానరాయిని తీసి కింద పెట్టాడు. కత్తెర కూడా పెట్టాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. పడ్డప్పుడు కూడా ఆ మొహం అలా లేదు.

“ఏమే,” అన్నాడు. “అంత అధ్వాన్నంగా బతికానా నేను?”

చక్రం ఇంకా సానమ్మ వీపు మీదే ఉంది, దించుకోవడం కూడా మర్చిపోయి వానలో అలాగే నిలబడింది.